అరచేతిలోని ద్యూతసభ





ఈ దినము మనము విచారింపదలచిన విషయము ద్యూతము, అనగా జూదము. దేవాలయ ప్రాంగణమున జూదమును గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని వేదమాత దీనిని గూర్చి మాటలాడుటకు సంకోచింపలేదు. ఋగ్వేదమున దశమ మండలమందు 34వ సూక్తమునకు అక్షసూక్తమని పేరు. అందు 14 మంత్రములు కలవు. అగ్నిని, ఇంద్రుని, వరుణుని స్తుతించు సూక్తములున్న ఆ వేదరాశిలోనే ఒక జూదరి తన కష్టమును తానే చెప్పుకొను సూక్తమునకు కూడ స్థానము లభించినది. ఈ వ్యసనము గృహస్థుని గడపకు ఎంత చేరువలో పొంచియుండునో శ్రుతి ఎరుగును. శ్రుతి దాచని దానిని మనము దాచనక్కరలేదు. దాచుట వలననే ఇది పెరుగుచున్నది.

ఆ జూదరి కథ యేమి? అతని యిల్లాలు సాధ్వి. ఏనాడును అతనితో కలహించి యెరుగదు. అట్టి భార్యను పాచికల కొరకు దూరము చేసికొన్నాడు. అత్తవారి యింట ఆదరము పోయినది. కన్నవారును తోబుట్టువులును అతనితో తమకు సంబంధము లేదని అప్పులవారికి విడిచిపెట్టినారు. ఇక ఆడరాదని అతడు నిశ్చయించుకొనును. కాని పాచికల చప్పుడు చెవిని పడగానే ఆ నిశ్చయము నిలువదు. చీకటి పడిన పిమ్మట అప్పు కొరకు పరుల వాకిండ్లకు పోవును. అచ్చట చక్కగా అమరియున్న సంసారములను చూచి లోలోన కుమిలిపోవును. వేల సంవత్సరముల క్రిందటి ఈ దుఃఖమును వినినప్పుడు మన వీధిలోని వాని కథయే యని తోచుచున్నదిగదా!

నాటి పాచికలు దంతముతోనో లోహముతోనో చేసినవి కావు. విభీతక వృక్షపు కాయలు. మనము వానినే తానికాయలందుము. కరక్కాయ, ఉసిరికాయలతో కలిసి త్రిఫలములలో చేరినది ఇదియే. రోగము తీర్చు ఔషధము పందెములోనికి దిగినప్పుడు రోగమైనది. వస్తువునందు దోషము లేదు. దానిని పట్టిన బుద్ధియందే దోషము. నేటి పేకముక్కలకును, సెల్‌ఫోనునకును ఈ మాటయే వర్తించును.

నేటి ద్యూతము యొక్క రూపము

పూర్వము జూదమాడదలచినవాడు ఇల్లు విడిచి పోవలసియుండెను. ఊరి వెలుపలి తోటకో, క్లబ్బునకో పోవలెను. నలుగురు చూతురను సిగ్గు కొంత అడ్డుపడెడిది. నేడు క్యాసినో అను జూదగృహమే సెల్‌ఫోనులో ప్రవేశించి అరచేతిలో కూర్చున్నది. భార్య ప్రక్కన నిద్రించుచుండగా, దుప్పటి క్రింద, అర్ధరాత్రమున ఆడవచ్చును. డబ్బు కూడ కంటికి కనబడదు. నోట్లను లెక్కించి యిచ్చునపుడు చేతికి తెలియు బరువు, తెరమీది అంకె మారునపుడు తెలియదు.

ఈ ఆటలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది పోకర్. ఇందు ఆటగాండ్రు తమలో తాము పందెములొడ్డుదురు. ప్రసిద్ధమైన ఒక విధానమున ఒక్కొక్కనికి రెండేసి ముక్కలు రహస్యముగా నిచ్చి, అందరికిని ఉమ్మడిగా ఐదు ముక్కలను బల్లపై పరచుదురు. ఆ యేడింటిలో శ్రేష్ఠమైన ఐదింటిని కూర్చినవాడు పందెపు సొమ్మును గెలుచుకొనును. ఆట నడిపించు సంస్థ ఆ సొమ్ములో నుండి తన భాగమును ముందుగా తీసికొనును. రెండవ విధమున ఆటగాడు సంస్థతోనే ఆడును. మూడు ముక్కల పోకర్, కరీబియన్ స్టడ్ అనునవి ఈ కోవకు చెందినవి. మన ప్రాంతముల మూడు ముక్కలాటకు ఇవి దగ్గరి చుట్టములు. ముక్కలను కొన్ని చోట్ల కెమెరా ముందు కూర్చున్న మనిషి పంచును. కొన్ని చోట్ల కంప్యూటరే యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించి పంచును.

లెక్క తెలిసిన చోట కలి నిలువడు

మహాభారతము వనపర్వమున బృహదశ్వ మహర్షి ధర్మరాజునకు నలోపాఖ్యానమును వినిపించెను. నలుడు పుణ్యశ్లోకుడు. కలి యతనిని ఆవేశించెను. ద్వాపరుడు పాచికలలో ప్రవేశించెను. తమ్ముడైన పుష్కరునితో ఆడి రాజ్యమును పోగొట్టుకొని అడవుల పాలయ్యెను. పిమ్మట బాహుకుడను పేరుతో ఋతుపర్ణ మహారాజు వద్ద సారథిగా నుండెను. ఒకనాడు రథముపై పోవుచు ఋతుపర్ణుడు ఒక విభీతక వృక్షమును చూచి, దాని ఆకులెన్ని కాయలెన్ని యని చెప్పెను. నలుడు రథము దిగి, చెట్టును కూల్చి లెక్కించి చూచెను, సరిపోయెను. అప్పుడు తన అశ్వహృదయ విద్యకు బదులుగా ఋతుపర్ణుని అక్షహృదయమును పొందెను. ఆ విద్య లభించిన క్షణముననే కలి అతని దేహమును విడిచి ఆ విభీతక వృక్షమునందు దాగుకొనెను.

ఇందు నిగూఢమైన యుపదేశము కలదు. నలుని కలి విడిచినది లెక్క తెలిసినప్పుడు. కావున మనము కూడ కొంచెము లెక్క చూతము.

52 ముక్కల నుండి మూడేసి ముక్కలు కూర్చు విధములు 22,100. అందు మూడును ఒకే విలువ గలవి 52 మాత్రమే. అనగా సగటున 425 మారులకు ఒక్క మారు. ఐదు ముక్కలు కూర్చు విధములు 25,98,960. పోకర్‌లో అత్యున్నతమని చెప్పబడు, ఒకే రంగున పది మొదలు ఆసు వరకు గల కూర్పులు నాలుగే. అనగా 6,49,740లో ఒకటి. ప్రకటనలలో చూపబడునది ఈ యొకటియే. మిగిలిన 6,49,739 ఎవ్వరును చూపరు.

ఇక మూడు ముక్కల పోకర్‌లో, వాడుకలో నున్న చెల్లింపు పట్టిక ప్రకారము, ఏ తప్పును చేయక ఆడినవానికి కూడ తొలి పందెమున సగటున నూటికి 3 రూపాయలకు మించి నష్టమే. కరీబియన్ స్టడ్‌లో నూటికి 5 రూపాయలకు పైబడియుండును. కొద్దిపాటి యని తోచవచ్చును. 100 రూపాయల పందెముతో గంటకు 60 మారులు ఆడినచో, మూడు ముక్కల పోకర్‌లో సగటున 200 రూపాయలు కరగిపోవును. ఒక గంట గెలువవచ్చును, ఒక రాత్రి గెలువవచ్చును. నెలల తరబడి ఆడినవానికి సగటు తన వాటాను వసూలు చేయక విడువదు. సంస్థకు దైవము అనుకూలింపనక్కరలేదు. లెక్కయే దానికి దైవము.

ఆటగాండ్రు తమలో తామాడు పోకర్‌లోనో? బల్లచుట్టు కూర్చున్నవారందరు కలిసి తెచ్చిన సొమ్ము కంటె అందరు కలిసి తీసికొనిపోవు సొమ్ము ఎల్లప్పుడును తక్కువే. నడుమ సంస్థ భాగము కలదుగదా! ఇది క్రొత్త సంగతి కాదు. యాజ్ఞవల్క్య స్మృతి జూదశాల నడుపు సభికునకు గెలుపు సొమ్మున నూటికి ఐదో పదియో భాగమును పేర్కొన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్యూతాధ్యక్షుడను అధికారిని నియమించి, జూదమును ఒకేచోట ఆడించి, గెలుపులో నూటికి ఐదు తీసికొనవలెనని విధించినది. సభికుని పేరు మారినది, భాగము మారలేదు. అయితే నాటి సభికునిపై రాజు కన్ను ఉండెడిది. నేటి సభికులలో ననేకులు కురసావో, మాల్టా వంటి దూరద్వీపముల అనుమతి పత్రములతో వ్యాపారము చేయువారు. మోసపోయినవాడు ఎవరి వాకిట నిలిచి అడుగవలెను?

పూర్వపక్షములు

ఇప్పుడు ఆటను సమర్థించువారి వాదములను వినవలెను. పూర్వపక్షమును వినక సిద్ధాంతము చెప్పుట మన సంప్రదాయము కాదు.

మొదటి వాదము: ఇది జూదము కాదు, నైపుణ్యము. దీనికి కొంత ఆధారము లేకపోలేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీ ఆటయందు నైపుణ్యమే ప్రధానమనియు, అది మూడు ముక్కలాట వలె కేవలము అదృష్టముపై ఆధారపడునది కాదనియు పేర్కొన్నది. ఆ తీర్పుననే, ఆట వలన ఇంటి యజమానియో క్లబ్బో లాభము గడించుచున్నట్లు తేలినచో నేరము కావచ్చునని కూడ చెప్పినది. మొదటి మాటను చెప్పువారు రెండవ మాటను చెప్పరు.

పోకర్‌లో నైపుణ్యము కలదు. దానిని నేను కాదనను. కాని నైపుణ్యము ఉన్నంత మాత్రమున ధర్మమగునా? హస్తినాపుర సభలో అందరికంటె నిపుణుడెవడు? శకుని. అతని నైపుణ్యమును భీష్మద్రోణులు సైతము శంకింపలేదు. నైపుణ్యమే ప్రమాణమైనచో శకునియే ఆ సభలో ధర్మాత్ముడు కావలెను. నీవు నిపుణుడవై గెలిచితివనుకొనుము. ఆ సొమ్ము ఎచ్చటనుండి వచ్చినది? నీకంటె నైపుణ్యము తక్కువైన వాని జేబునుండి. వాడెవడో నీవెరుగవు. వాని బిడ్డ బడి జీతమో, వాని తల్లి మందుల సొమ్మో నీవెరుగవు. దొంగ కూడ తాను దోచుకొను ఇంటివారి ముఖమును చూడక పోవచ్చును. మను ధర్మశాస్త్రము ద్యూతమును బహిరంగముగా చేయు చౌర్యమని ఎంచినది ఇందులకే. ప్రాణము లేని వస్తువులతో ఆడినచో ద్యూతమనియు, ప్రాణులపై పందెము కట్టినచో సమాహ్వయమనియు మనువు విభజించి, రెండింటిని రాజ్యమునుండి తొలగింపవలెనని చెప్పెను. సంక్రాంతి నాడు గోదావరి తీరములలో కోడిపందెములపై లక్షలొడ్డువారు, మేము పేకాడుట లేదుగదా యని సంతోషింపనక్కరలేదు.

రెండవ వాదము: నా సొమ్ము, నా ఇష్టము. దీనికి సమాధానము ద్రౌపదీదేవి ఏనాడో చెప్పినది. ధర్మరాజు ధనమును, రథములను, గజములను, రాజ్యమును ఒడ్డి, తమ్ములను ఒడ్డి, తన్ను తానొడ్డి, పిమ్మట భార్యను ఒడ్డెను. సభకు రమ్మని పిలువవచ్చిన ప్రాతికామితో ఆ తల్లి యొక్క ప్రశ్న పంపెను: ముందుగా తనను ఓడినవానికి నన్ను ఒడ్డు అధికారము కలదా? భీష్ముడంతటివాడు ధర్మసూక్ష్మమని తడబడెను. ఆ ప్రశ్న నేటికిని ప్రతి యింట నిలిచియున్నది. తెల్లవారుజాము వరకు తెరను చూచుచు తన బుద్ధిని తానే ఓడిపోయినవాడు ఇంటి దస్తావేజును తాకట్టు పెట్టుటకు ఎవడు? తండ్రి దున్నిన పొలమును అమ్ముటకు ఎవడు? ఇల్లాలి బంగారమును కుదువబెట్టుటకు ఎవడు? అది స్త్రీధనము. దానిపై భర్తకు స్వామ్యము లేదని స్మృతులు పలుకుచున్నవి. గృహస్థుని సంపాదనలో దేవతలకు, పితృదేవతలకు, అతిథులకు, భార్యాబిడ్డలకు భాగములు కలవు. ఆ భాగములు పోగా మిగిలినదే అతని సొమ్ము. పందెములోనికి పోవునది ఎవరి భాగమో ఒక్కమారు లెక్కింపుడు.

మూడవ వాదము: చట్టము అనుమతించుచున్న దేశములు లేవా? కలవు. అమెరికాలో నెవాడా, న్యూజెర్సీ రాష్ట్రములు 2013లో ఆన్‌లైను పోకర్‌ను అనుమతించినవి. న్యూజెర్సీలో మన తెలుగు బిడ్డలు అనేకులు కాపురమున్నారు. అచ్చట ఆడినచో పోలీసులు పట్టుకొనరు. కాని చట్టము శిక్షింపనిదంతయు ధర్మమని యెక్కడను లేదు. కౌటిల్యుడును అనుమతించెను, ఎందులకు? రహస్యముగా జీవించు చోరులను కనుగొనుటకు, రాజునకు ఆదాయము సమకూరుటకు. ఆడువానికి మేలు కలుగునని ఆయన ఎచ్చటను చెప్పలేదు. మన యిరు రాష్ట్రములలో తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను పందెములతో కూడిన ఆన్‌లైను ఆటలను నిషేధించుచు తమ చట్టములను సవరించుకొన్నవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము నైపుణ్యమా అదృష్టమా యను భేదమును పక్కన పెట్టి, డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలన్నిటిని నిషేధించునదిగా వచ్చినది. ఆడించువానికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆడినవానిని నేరస్థునిగా కాక బాధితునిగా చూచినది. ఈ దృష్టి మనకును ఆదర్శము కావలెను.

నాలుగవ వాదము: వేదమే ద్యూతమును విధింపలేదా? రాజసూయ యాగమున అభిషిక్తుడైన రాజునకు అక్షములనిచ్చి ద్యూతమాడించుట కలదు. అగ్న్యాధేయమునను కలదు. నిజమే. కాని అది క్రత్వంగము. దాని కాలము, స్థానము, మంత్రము నియతములు. యజ్ఞము ముగియగానే ఆ యాటయు ముగియును. యజ్ఞమున సోమము గ్రహించిరని చెప్పి మద్యపానము చేయువానికి ఎంత ప్రమాణమున్నదో దీనికిని అంతే.

ఐదవది మిక్కిలి సుకుమారమైన వాదము: తిరుమలలో శ్రీనివాసుడే హాథీరాంజీ బావాజీతో పాచికలాడెనుగదా! మన వారందరు ఎరిగిన కథయే. స్వామి రాత్రివేళ మఠమునకు వచ్చి భక్తునితో ఆడెననియు, ఒకనాడు తన ఆభరణమును అచ్చట విడిచిపోయెననియు, బావాజీపై చౌర్యము మోపి బండెడు చెరకును ఒక్క రాత్రిలో తినుమని పరీక్ష పెట్టగా, స్వామి ఏనుగు రూపమున వచ్చి దానిని తినెననియు చెప్పుకొందురు. ఆ యాటలో ఎవని కొంప మునిగినది? అందు పందెము ధనము కాదు, ప్రేమ. ఓడినను గెలిచినను ఇరువురు ఒక్కటే యగు ఆట అది. ఆ భావముతో ఆడగలవాడు ముందుగా బ్యాంకు ఖాతాను వేరు చేసి ఆడి చూడవలెను. రూపాయి లేకున్నచో ఎంతసేపు ఆడునో అప్పుడు తెలియును.

దీనితో ముడిపడిన మరియొక మాట చెప్పవలసియున్నది. గెలిచినచో హుండీలో ఇంత వేసెదనని మ్రొక్కుకొనువారు కలరు. నాయనలారా! భగవంతుని మీ పందెమున భాగస్వామిని చేయకుడు. మీరు గెలువవలెనని మీరు మ్రొక్కుచుండగా, ఆవలి బల్లనుండి మరియొకడు అదే స్వామికి మ్రొక్కుచున్నాడు. ఒకని ఇల్లాలి కన్నీటిని మరియొకని ముడుపుగా స్వామి స్వీకరించునా? మహాశివరాత్రి జాగరణమునకని పేకముక్కలు పట్టువారును ఈ మాటను ఆలోచింతురు గాక. కన్ను మూయకుండుట మాత్రమే జాగరణము కాదు.

ఆ సభలో ముగ్గురు

ధర్మరాజు ధనాశతో ఆడలేదు. పిలిచినచో వెనుకకు పోనను నియమముచే ఆడెను. సభకు పోవుటకు ముందే, ఇది కలహకారణమని విదురునితో అనెను. తెలిసియు పోయెను. నేడు ఆ పిలుపు సెల్‌ఫోనులో గంటగంటకు మ్రోగుచున్నది. ఉచితముగా ఇన్ని రూపాయలిత్తుమను ఆహ్వానము వచ్చును. ఆ సొమ్మును చేతికి తీసికొనవలెనన్నచో ఇన్ని మారులు ఆడవలెనను నియమము క్రింద చిన్న అక్షరములలో నుండును. అక్షములు తేనె పూసినవని సూక్తము చెప్పిన యర్థము ఇదియే.

మరియొక సంగతి గమనింపుడు. పందెమొడ్డినవాడు దుర్యోధనుడు, పాచికలు వేసినవాడు శకుని. ఒకని కొరకు మరియొకడు ఆడుట విషమముగా నున్నదని ధర్మరాజు ఆక్షేపించియు ఆడెను. నేడు తెర వెనుక పాచిక వేయువాడు మనుష్యుడో యంత్రమో కూడ తెలియదు. ఆక్షేపించుటకైనను ఎదుట ఎవ్వడును లేడు.

రెండవవాడు ధృతరాష్ట్రుడు. ఆట నడుచుచుండగా ఆ వృద్ధరాజు సంతోషమును దాచుకొనలేక, గెలిచినామా, ఏమి గెలిచినాము, అని పలుమారు అడిగెను. తల్లిదండ్రులారా! ఇది మనకు చెప్పబడిన మాట. కుమారుడు ఒకనాడు పదివేలు తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, ఎచ్చటిదని అడుగక లోపల పెట్టుకొన్న తల్లిదండ్రులు ధృతరాష్ట్రుని ఆసనమున కూర్చున్నవారే. ఓడిన నాడు ఏడ్చుటకు వారికి మాత్రము అధికారమెక్కడిది?

మూడవవాడు విదురుడు. నిండు సభలో లేచి, ఈ ఆట కులనాశకమని చెప్పినవాడు. నూరు వాకిళ్ళు, వేయి స్తంభములు గల ఆ సభలో ఒక్క విదురుడైనను ఉండెను. అరచేతిలోని ఈ సభలో విదురుడు లేడు. కావున ఇంటిలో ఎవరో యొకరు విదురులు కావలెను. భార్య కావచ్చును, అన్న కావచ్చును, స్నేహితుడు కావచ్చును. ద్వారక నుండి ఆలస్యముగా వచ్చిన శ్రీకృష్ణుడు, తాను అప్పుడుండినచో ఆ ద్యూతమును ఆపియుండెడివాడనని వనమున పాండవులతో చెప్పెను. ఆపగలవాడు సమయమునకు దగ్గర లేకపోవుటయే గృహములకు వచ్చు ఆపద.

గృహస్థుడు చేయవలసినది

ఒక తల్లి నన్నొకమారు అడిగినది: అయ్యా, మా అబ్బాయి అప్పు రెండుమారులు తీర్చినాము. మరల చేసినాడు. ఉన్న యెకరమును కూడ అమ్మి తీర్చవలెనా? వాడేమైన చేసికొనునేమోయని భయముగా నున్నది. ఇది శాస్త్రగ్రంథము తెరచి ఒక్క మాటలో చెప్పదగిన సమాధానము కాదు. ఆమెకు చెప్పినదే మీకును మనవి చేయుచున్నాను.

మొదటిది ప్రాణము. దేహము నిలిచినచో ధర్మము నిలుచును. అప్పు నేడు కాకున్న రేపు తీరును. ప్రాణము మీదికి తెచ్చుకొను మాట వాని నోట వచ్చినచో, అప్పుడు నీతిబోధ చేయరాదు; ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వము వారు 2022 నుండి నడుపుచున్న టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఏ వేళనైనను మాటలాడుదురు, రుసుము లేదు. ఈ వ్యసనమును ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ తన వ్యాధుల పట్టికలో చేర్చినది; 2022లో అమలునకు వచ్చిన 11వ కూర్పున, ఆన్‌లైను జూదము ప్రత్యేకముగా పేర్కొనబడినది. కావున వైద్యుని యొద్దకు పోవుట అవమానము కాదు. జ్వరమునకు పోవుచున్నాము, దీనికేల పోరాదు?

రెండవది సత్యము. అప్పెంత, ఎవరికి, ఏ వడ్డీకి, అన్నియు ఒక కాగితముపై వ్రాసి ఇంటివారి యెదుట ఉంచవలెను. సగము దాచి సగము చెప్పిన లెక్కయందు కలి మరల ప్రవేశించును.

మూడవది, రహస్యముగా అప్పు తీర్చి మరల సొమ్ము చేతికియ్యరాదు. జీతము పడు ఖాతాను కొంతకాలము భార్యయో తండ్రియో చూచుకొనవలెను. అప్పులవారికి నెలకింతయని తానే కష్టించి తీర్చునట్లు ఏర్పాటు చేయవలెను. ఉన్న యెకరమును కాపాడుకొనుడు. పొలము పోయిన పిమ్మట వాడు మరలివచ్చుటకు చోటుండదు. అక్షసూక్తమున సవితృదేవుడు జూదరికిచ్చిన హితము కూడ పాచికలు మాని కృషి చేసికొమ్మనియే. కృషియనగా అరక పట్టుటయే కాదు. చెమటకు ఫలమిచ్చు ఏ పనియైనను కృషియే.

నాలుగవది, పోయినదానిని ఆటలోనే మరల రాబట్టుకొందునను ఆశను మొదట చంపవలెను. ధర్మరాజు ఒకమారు సర్వస్వమును పోగొట్టుకొని, ద్రౌపదీదేవి మూలమున తిరిగి పొంది, దారిలో నుండగానే అనుద్యూతమునకు పిలువగా మరల వచ్చి ఆడెను. పండ్రెండేండ్ల వనవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము ఆ రెండవ ఆట ఫలము. మొదటి ఆటను దైవము క్షమించినను, రెండవ ఆటను క్షమింపలేదు.

ఐదవది ప్రాయశ్చిత్తము. కృష్ణయజుర్వేద తైత్తిరీయ ఆరణ్యకమున రెండవ ప్రపాఠకమందలి కూష్మాండ హోమ మంత్రములలో, చేతులతో అక్షములను తాకి చేసిన పాపమును, దాని మూలమున కలిగిన ఋణమును తొలగింపుమను ప్రార్థన కలదు. అనగా, ఈ పాపము పోవునదియే యని వేదము అంగీకరించినది. అయితే హోమము చేయించి సాయంకాలము మరల సెల్‌ఫోను తెరచినచో ఆ మంత్రమునకు బలము లేదు. మానుటయే ప్రధానాహుతి.

కవష మహర్షి

చివరగా ఒక మాట. అక్షసూక్తమునకు ద్రష్ట కవష ఐలూషుడని అనుక్రమణిక చెప్పుచున్నది. ఈ కవషుని కథ ఐతరేయ బ్రాహ్మణమున కలదు. సరస్వతీ తీరమున ఋషులు సత్రయాగము చేయుచు, ఇతడు దాసీపుత్రుడు, జూదరి, మనతో కూర్చుండ తగడని వెడలగొట్టి, దాహముతో మరణించును గాక యని నిర్జల ప్రదేశమునకు తరిమిరి. ఆ యెడారిలో దాహార్తుడైన కవషుడు జలదేవతలను స్తుతించు సూక్తమును దర్శించెను. సరస్వతీనది తానుగా కదలి వచ్చి అతనిని చుట్టుకొని ప్రవహించెను. అది చూచి ఋషులు, దేవతలు ఇతనిని ఎరుగుదురు, మనమే ఎరుగమైతిమి, అని తెలిసికొని మరల పిలుచుకొనిరి.

జూదరియని తరుమబడినవాడు మంత్రద్రష్ట యయ్యెను. నీరు అతని వెంట వచ్చినది. ఇంతకు మించిన యాశ్వాసము వేరొకటి కలదా? మన యింటను, మన వీధిలోను ఈ వ్యసనమున చిక్కినవాడు ఎవడైనను ఉన్నచో, వాని ఆటను ద్వేషింతము, వానిని ద్వేషింపవలదు. వాని చేతికి డబ్బు ఇయ్యవలదు. వానికి అన్నము పెట్టుట మానవలదు. వాడు నిజము చెప్పిన నాడు వినుటకు ఒక చెవియైనను ఇంటిలో తెరచియుండవలెను.

ఇక ఇంకను చిక్కనివారికి: మీ చేతి రేఖలను ప్రాతఃకాలమున చూచుకొనుచు దైవమును స్మరించు సంప్రదాయము మనది. ఆ చేతిలోనే నేడు ద్యూతసభ తెరచియున్నది. ప్రొద్దున లేవగానే ఆ చేతితో ముందుగా దేనిని తాకుచున్నారో నేటినుండి గమనింపుడు. కరములు కృషికి, దానమునకు, అంజలికి ఉపయోగపడు గాక. శ్రీనివాసుడు మన గృహములను కలిదోషము నుండి కాపాడు గాక.

స్వస్తి.